గాజీని ముంచిన ఉల్లిపాయలు

మా నాన్న లెక్క ప్రకారం, 1971లో పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ విశాఖపట్నం సముద్రంలో మునగడంలో పూర్ణా మార్కెట్ ఉల్లిపాయలకి కూడా వాటా ఉంది. ఆయన గుమాస్తాగా పనిచేసిన కొట్టు ఉల్లిపాయలకి. ఈ మాట మా ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ, రైల్లో పక్క సీటు వాడికీ, చివరికి పన్ను పీకిన డాక్టరుకి కూడా చెప్పాడు. ఆ డాక్టరుకైతే నోట్లో దూది ఉండగానే మొదలెట్టాడు.

నా చిన్నప్పుడు ఆ ఉల్లిపాయలు ఇరవై బస్తాలు. నా పెళ్ళి నాటికి ఒక లారీ అయ్యాయి. మా వాడు పుట్టి, కథలు వినే వయసొచ్చేసరికి రెండు లారీలు, వాటి మీద బంగాళాదుంపలు. "ఆ చిట్టా పుస్తకం చూపించండి, మేమూ లెక్కపెడతాం" అనేది అమ్మ. "అది షావుకారి దగ్గర ఉండిపోయిందే" అనేవాడు. షావుకారు పోయి అప్పటికి పదేళ్ళు.

2003 సంక్రాంతికి ఆయన్ని బీచ్ రోడ్డులోని కురుసుర సబ్‌మెరైన్ చూడ్డానికి తీసుకెళ్ళాను. ఇది ఆ రోజు గురించి. కానీ ముందు ఉల్లిపాయల సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

1971లో నాకు తొమ్మిదేళ్ళు. పాతనగరంలో, హార్బరుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండేవాళ్ళం. మేడ మీదకెక్కితే డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించేది. నవంబరు నెలలో ఊళ్ళో ఒక్కొక్కటే మారుతూ వచ్చాయి. బస్సుల హెడ్‌లైట్లకి పైసగం నల్ల రంగు పూశారు. అమ్మ మైదా ఉడకబెట్టి జిగురు చేస్తే, నేనూ అక్కా కిటికీ అద్దాలన్నిటికీ గోధుమరంగు కాయితం అంటించాం. నా స్కూలు పుస్తకాల అట్టలకి తెచ్చిన కాయితమే అది. ఆ ఏడాది నా పుస్తకాలకి అట్టల్లేవు, మాస్టారు కూడా అడగలేదు. సాయంత్రం చీకటి పడ్డాక వీధిలో కుర్రాళ్ళు ఈలలు వేసుకుంటూ తిరిగేవారు. ఎవరింట్లోనైనా లైటు గీత బయటికి కనిపిస్తే "లైటో!" అని అరుపు. మాకు అదొక ఆట. పక్కింటి వాళ్ళ లైటు కనిపిస్తే ముందు మేమే అరిచేవాళ్ళం.

ఆ రోజుల్లోనే నాన్న ఇంటికి ఆలస్యంగా రావడం మొదలెట్టాడు. నేవీకి సరుకులు వేసే కాంట్రాక్టరు మనుషులు కొట్టుకి వచ్చి, ఎప్పుడూ లేనంత ఆర్డరు రాయించుకుని వెళ్ళారట. ఉల్లిపాయలు, దుంపలు, ఆనపకాయలు. రాత్రి కంచం ముందు కూర్చుని అమ్మతో చెప్పడం నాకు బాగా గుర్తుంది. "ఇన్ని ఉల్లిపాయలు ఎవరు తింటార్రా బాబూ. ఊళ్ళోకి పెద్ద ఓడేదో వచ్చినట్టుంది." అమ్మ "పెద్ద ఓడొస్తే మనకేటి, మీరు పెరుగేసుకోండి" అంది.

ఆ తర్వాత వచ్చింది డిసెంబరు 3, శుక్రవారం. సాయంత్రం పశ్చిమాన మన విమానాశ్రయాల మీద పాకిస్తాన్ బాంబులు వేసిందని కబురు. ఇందిరాగాంధీ రేడియోలో మాట్లాడుతుందన్నారు. మాకు రేడియో లేదు. కింద వాటాలో రైల్వేలో పనిచేసే ఒక మాస్టారు ఉండేవారు, వాళ్ళింట్లో ఉంది. వీధిలో సగం మంది ఆ చీకటి గదిలోనే. పిల్లలం నేల మీద, ఆడవాళ్ళు మంచం మీద, మగవాళ్ళు గుమ్మంలో. రేడియో మీద చిన్న పసుపు దీపం ఉంటుందే, దాని మీద కూడా ఆ మాస్టారు తువ్వాలు కప్పారు. అంత జాగ్రత్త మనిషి.

అర్ధరాత్రి దాటింది. నేను అక్క ఒళ్ళో నిద్రలోకి జారుతున్నాను. సముద్రం వైపు నుంచి ఒక శబ్దం వచ్చింది. ఉరుము లాంటిది కాదు. ఇంటి కింద ఎవరో పెద్ద తలుపు ధడాలున మూసినట్టు, నేలలోంచి వచ్చింది. కిటికీలు గలగల్లాడాయి. పైన మా వంటింట్లో స్టీలు గ్లాసులు దొర్లిన చప్పుడు కింద దాకా వినిపించింది. తెల్లారి చూస్తే మా అద్దాల్లో ఒకటి అడ్డంగా బీటలిచ్చింది, కానీ కింద పడలేదు. నా పుస్తకాల అట్ట కాయితం దాన్ని పట్టుకుని ఉంది. ఆ అద్దాన్ని అలాగే చాలా ఏళ్ళు ఉంచేశాం.

ఆ చీకట్లో అందరికంటే ముందు నోరు తెరిచింది మా నాయనమ్మ. "జపానోడు మళ్ళీ వచ్చాడ్రా!" అంది.

ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే జపానోడు ఒకసారి నిజంగానే వచ్చాడు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. అప్పటికి నాన్నకి పదకొండేళ్ళు. ఊరు ఊరంతా బళ్ళు కట్టుకుని పారిపోయింది. మా వాళ్ళు విజయనగరం వైపు ఎవరో చుట్టాల ఊరికి నడిచి వెళ్ళారట. నాయనమ్మ ఒక రాగి బిందెలో బియ్యం పోసుకుని, పైన ఊరగాయ జాడీ పెట్టుకుని నెత్తి మీద మోసిందట. మూడు నెలల తర్వాత తిరిగొచ్చేసరికి ఇంటికి తాళం వేసినట్టే ఉంది, పెరట్లో మేక మాత్రం లేదు. మేకని జపాను వాళ్ళే పట్టుకెళ్ళారని నాన్న చాలాకాలం నమ్మాడు. అప్పుడు పడి పేలని బాంబు ఒకటి బీచ్ రోడ్డులో డచ్ బంగళాలో పెట్టిన విశాఖ మ్యూజియంలో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ మేకే గుర్తొస్తుంది.

సరే, ఆ రాత్రి నాయనమ్మ పైకెళ్ళి ఆ రాగి బిందె తీసింది. నాన్న వెళ్ళి బతిమాలి కూర్చోబెట్టాడు. బియ్యం మాత్రం పోసేసింది, తీయనివ్వలేదు. యుద్ధం అయ్యేదాకా ఆ బిందె గుమ్మం పక్కనే ఉంది.

రెండు మూడు రోజుల్లో ఊళ్ళో రకరకాలుగా చెప్పుకున్నారు. జాలర్లకి నీళ్ళ మీద చమురు తెట్టు, చెక్క ముక్కలు, ఒక లైఫ్ జాకెట్ దొరికాయన్నారు. డిసెంబరు 9న నేవీ వాళ్ళు అధికారికంగా ప్రకటించారు. మునిగింది గాజీ. అమెరికా వాళ్ళు రెండో ప్రపంచ యుద్ధం చివర్లో డయాబ్లో అనే పేరుతో కట్టుకున్న సబ్‌మెరైన్. 1964లో పాకిస్తాన్‌కి లీజుకిచ్చారు. అందులో ఉన్న తొంభై మందికి పైగా మనుషుల్లో ఒక్కరు కూడా బతకలేదు. 93 మంది అంటారు.

మేం పిల్లలం వీధిలో చెప్పులు లేకుండా గంతులేశాం. 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయినప్పుడు ఇంకోసారి వేశాం. కిటికీ కాయితాలు పీకడానికి మాత్రం వారం పట్టింది. మైదా జిగురు అంత గట్టిది.

ఇందులో ఉల్లిపాయలెక్కడ అంటారా? అవి చాలా ఏళ్ళ తర్వాత వచ్చాయి.

అప్పట్లో తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. గాజీ నవంబరు 14న కరాచీలో బయల్దేరి మన ద్వీపకల్పం మొత్తం చుట్టి వచ్చింది మన విక్రాంత్ కోసం. విమానాలు మోసే ఓడ మనకి అప్పట్లో అదొక్కటే. దానికప్పుడు బాయిలరులో పగులు, పూర్తి వేగంతో వెళ్ళలేదు. అలాంటి ఓడని విశాఖలో ఉంచితే వలలో చేప. అందుకని కృష్ణన్ దాన్ని గుట్టుగా అండమాన్ వైపు పంపేసి, అది విశాఖలోనే ఉందని శత్రువు నమ్మేలా నాటకం ఆడించాడు. రాజ్‌పుత్ అనే ముసలి డెస్ట్రాయర్ యుద్ధనౌక, అదీ రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు వాళ్ళ ఓడే, సముద్రంలోకి వెళ్ళి విక్రాంత్ మాట్లాడినట్టు వైర్‌లెస్‌లో గోలగోలగా మాట్లాడింది. విక్రాంత్‌లో ఉన్న నావికుడు ఎవరో వాళ్ళమ్మకి ఒంట్లో ఎలా ఉందో కనుక్కుంటున్నట్టు ఒక మామూలు సందేశం కూడా పంపించారు. ఇంకా, ఊళ్ళో కాంట్రాక్టర్ల దగ్గర పెద్ద ఎత్తున మాంసం, కూరగాయలు ఆర్డరిచ్చారు. అంత తిండి ఆర్డరిచ్చారంటే ఊళ్ళో పెద్ద నౌకాదళం ఉన్నట్టేగా, ఆ మాట గూఢచారుల చెవిన పడుతుందని.

ఈ కూరగాయల సంగతి ఆ ఆపరేషన్లో ఉన్నవాళ్ళే తర్వాత రాసుకున్నారు. అది ఏదో పత్రికలో నాన్న కంట పడింది. ఆ రోజు ఆయన మొహం చూడాలి. పత్రిక పట్టుకుని వంటింట్లోకి వచ్చి, అమ్మ ముందు నిలబడి, "నేను చెప్పానా? ఇన్ని ఉల్లిపాయలు ఎవరు తింటారని నేను అడిగానా లేదా?" అన్నాడు. అమ్మ "అడిగారు. నేను పెరుగేసుకోమన్నాను" అంది.

ఆ కాంట్రాక్టరు నేవీకే వేశాడా, ఆ ఆర్డరు ఈ నాటకంలోదేనా, లేక ఏ హోటలుదో పెళ్ళిదో, ఎవరికీ తెలిసే దారి లేదు. నాన్నకి మాత్రం ఆ రోజు నుంచి సందేహం లేదు.

కురుసుర మా ఊరికి కొత్త కాదు. 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్లోని రీగాలో మన నేవీలో చేరిన నాలుగో సబ్‌మెరైన్ అది. 31 ఏళ్ళు పనిచేసి 2001 ఫిబ్రవరిలో రిటైరైంది. దాన్ని ఒడ్డుకి లాగి ఇసుకలో నిలబెట్టి 2002 ఆగస్టులో జనానికి తెరిచారు. 91 మీటర్ల పొడుగు. ఆ లాగుతున్న రోజుల్లో నాన్న రోజూ సాయంత్రం బీచ్‌కి వెళ్ళి చూసొచ్చేవాడని అమ్మ ఫోన్లో చెప్పేది. "ఇంట్లో బల్బు మార్చమంటే మోకాళ్ళ నొప్పులు. దానికైతే రోజూ వెళ్తున్నారు." కానీ లోపలికి మాత్రం వెళ్ళలేదు. మేం హైదరాబాద్ నుంచి వచ్చాక మనవడితో వెళ్తానని ఆగాడు.

కనుమ రోజు వెళ్ళాం. ఆ జనం గురించి చెప్పనక్కర్లేదు. నాన్న ఇస్త్రీ పంచె, తెల్ల చొక్కా, భుజం మీద కండువా. గుడికి బయల్దేరినట్టే. క్యూలో ముందున్న కుర్రాడికి ఉల్లిపాయల కథ మొదలెట్టి, మెట్ల దగ్గరికి వచ్చేసరికి విక్రాంత్ అండమాన్ చేరే దాకా చెప్పేశాడు.

లోపలికి అడుగు పెట్టగానే ఆయన కథ ఆగిపోయింది. టార్పెడోల గది. గోడకి ఆరు గొట్టాల మూతలు, పక్కన పొడుగ్గా టార్పెడోలు. వాటిని ఆనుకునే మనుషులు పడుకునే అరలు. అరలంటే అరలే, బట్టల బీరువాలో ఉంటాయే అలాంటివి. అక్కడక్కడా నావికుల బట్టలేసిన బొమ్మలు. మా వాడికి పదేళ్ళు, ఒక బొమ్మని గిల్లి చూశాడు.

గైడు నేవీలో పనిచేసి రిటైరైన ఆయన. మాటని బట్టి శ్రీకాకుళం వైపు మనిషి. ఈ సబ్‌మెరైన్లో 75 మంది దాకా ఉండేవారని, నీళ్ళు పొదుపు కాబట్టి స్నానం సంగతి మర్చిపోవాలని, ఒకడు డ్యూటీకి లేస్తే ఆ వెచ్చని పక్క మీద ఇంకొకడు పడుకుంటాడని చెప్పాడు. "పక్క చల్లారదు పెద్దాయనా" అన్నాడు.

ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళడానికి తలుపులుండవు. ఇనప గోడలో గుండ్రటి కన్నం. నీళ్ళొస్తే బిగించేయడానికి దానికో మూత. "ముందు కాలు, తర్వాత తల, పైన కడ్డీ పట్టుకోండి" అన్నాడు గైడు. నాన్న ముందు తల పెట్టాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళు వంగవు, పంచె అంచు మూతకున్న బిగింపులో చిక్కుకుంది. ఇటు నేను, అటు గైడు. మా వాడు వెనక నుంచి తాతయ్యని నెడుతూ నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. క్యూ మొత్తం ఆగిపోయింది. వెనక ఎవరో "ఏటైంది ఏటైంది" అంటున్నారు. చివరికి ఇవతలికి వచ్చి, కండువా దులుపుకుని, "యుద్ధంలో ఇలా ఇరుక్కుంటే ఏటి చేస్తారు బాబూ?" అని అడిగాడు, ఏదో గైడుదే తప్పన్నట్టు.

"అలాంటోళ్ళని తీసుకోరు పెద్దాయనా" అన్నాడు ఆయన.

మధ్య గదిలో పెరిస్కోపు, గోడల నిండా గుండ్రటి మీటర్లు, చక్రాలు, గొట్టాలు. కొన్నిటి మీద రష్యా అక్షరాలు. ఇంట్లో పైపు కారితే ఒక గొట్టం ఎటు పోతుందో వెతకడానికే మనకి ఒక పూట పడుతుంది. ఇక్కడ చీకట్లో కూడా ఏ చక్రం ఏదో చేతికి తెలియాలట. ఈ కురుసుర కూడా 1971లో అరేబియా సముద్రంలో కాపలా తిరిగింది. తప్పనిసరిగా శత్రువుదని తేలితే తప్ప దేన్నీ కొట్టకూడదని ఆజ్ఞ. ఏదీ కొట్టకుండానే తిరిగొచ్చింది. మా వాడికి అది నచ్చలేదు. "మరి దీన్నెందుకు పెట్టారు?" అన్నాడు. గైడు ఆ ప్రశ్న రోజూ వింటాడనుకుంటా, నవ్వి ముందుకు నడిచాడు.

తర్వాత వంటిల్లు. దాన్ని వంటిల్లనడం మర్యాద. మా ఇంట్లో దేవుడి అలమర అంత ఉంది. ఒక మనిషి నిలబడితే రెండో మనిషి చెయ్యి పెట్టడానికి చోటు లేదు. 75 మందికి అక్కడే వండాలి, సబ్‌మెరైన్ ఒరుగుతుంటే కూడా.

నాన్న అక్కడ ఆగిపోయాడు. వెనకాల జనం తోస్తున్నా కదల్లేదు.

"కూరగాయలు ఎక్కడ పెడతారు?" అన్నాడు.

"ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడే. బయల్దేరేటప్పుడు బస్తాల మధ్యే నడవాలి. మొదట పచ్చికూరలు అవగొడతాం, తర్వాత డబ్బాల్లోవి."

"ఉల్లిపాయలు?"

"ఉల్లిపాయలు, దుంపలు మిగతావాటికంటే ఆగుతాయి. కానీ గాలాడదు కదా, కొన్నాళ్ళకి అవీ మొలకలొస్తాయి. ఏది వండినా డీజిలు వాసనే. ఉల్లిపాయ వేగుతున్న వాసనొక్కటే దాన్ని దాటి వస్తుంది. అది రాగానే నిద్రలో ఉన్నోళ్ళు కూడా లేచిపోతారు."

నాన్న ఆ పొయ్యి వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత అడిగిన ప్రశ్న నేను అనుకోనిది.

"గాజీలో కూడా వంటిల్లు ఇంతే ఉండేదా?"

గైడు ఒక్క క్షణం ఆగాడు. "అది అమెరికాది, కొంచెం పెద్దదే. మరీ అంత తేడా ఉండదు" అన్నాడు. ఆ తర్వాత తనే చెప్పాడు. రాజ్‌పుత్ ఆ రాత్రి హార్బరులోంచి బయటికొస్తూ నీళ్ళలో కదలిక చూసి డెప్త్ చార్జీలు, అంటే నీళ్ళ లోతులో పేలే బాంబులు, వేసిందని, వాటివల్లే మునిగిందని మన వాళ్ళ మాట. తను పెట్టిన మందుపాతరే తనకి తగిలిందనో, లోపలే ఏదో పేలిందనో పాకిస్తాన్ వాళ్ళ మాట. అప్పుడాయన మమ్మల్ని కాళ్ళ కింద చూడమన్నాడు. ఆ నేల కింద బ్యాటరీలు. నీళ్ళ పైకి వచ్చినప్పుడు, లేదా ముక్కు లాంటి గొట్టం ఒకటి పైకి పెట్టినప్పుడు డీజిలు ఇంజన్లు తిప్పి వాటిని చార్జి చేస్తారు. నీటి అడుగున వాటి మీదే నడవాలి. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. గాలి సరిగ్గా తిరగకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు. గాజీలో జరిగింది అదే అయ్యుండొచ్చని కూడా కొందరంటారట.

"అంటే మనమే ముంచామని గ్యారంటీ లేదా?" అన్నాను నేను. ఎందుకన్నానో, నాన్న పక్కనే ఉన్నాడన్న సంగతి మర్చిపోయాను.

"వచ్చింది మన విక్రాంత్ కోసం. ఇక్కడికి రప్పించింది మనవాళ్ళే. అందులో తేడా లేదు" అన్నాడు గైడు.

నాన్నకి ఈ జవాబు అక్కరకొస్తుందనుకున్నాను. రప్పించింది మనవాళ్ళే అంటే ఉల్లిపాయలే కదా. ఆ మాట పట్టుకుని చెలరేగుతాడనుకున్నాను. ఆయన ఏమీ అనకుండా ఇంజన్ల గదిలోకి కన్నంలోంచి, ఈసారి ముందు కాలు పెట్టి, వెళ్ళాడు.

మూడు డీజిలు ఇంజన్లు, వాటి తర్వాత మోటార్లు, వెనక టార్పెడోలకి ఇంకో నాలుగు గొట్టాలు. అవన్నీ త్వరగానే దాటేశాం. బయటికి రాగానే ఉప్పుగాలి. ఎదురుగా సముద్రం, గాజీ మునిగిన వైపే. కళ్ళజోడు తుడుచుకుని, సరిచేసుకుని, హార్బరు వైపు చూశాడు. "అప్పుడు మన ఇల్లు ఊగింది కదా. ఈ దూరానికే ఊగింది" అన్నాడు. అంతే.

ఆ తర్వాత, 1971 గెలుపుకి గుర్తుగా 1996లో కట్టిన విజయ స్మారకం దగ్గర మా వాడు ఫోటో తీయించుకున్నాడు. నాన్న ఒక గట్టు మీద కూర్చున్నాడు. ముంత మసాలా కట్టించుకున్నాం. "ఉల్లిపాయ ఎక్కువెయ్" అని బండివాడితో చెప్పాడు, ఎప్పటిలాగే.

ఆ రోజు తర్వాత ఆయన ఉల్లిపాయల కథ చెప్పడం మానేశాడనుకోవద్దు. అలా మారే మనిషి కాదు. తర్వాతి ఎనిమిదేళ్ళూ, ఆయన పోయేదాకా, చెబుతూనే ఉన్నాడు. లారీలు కూడా పెరిగాయి. ఒక్కటే తేడా వచ్చింది. ఇదివరకు కథ మా వంటింట్లో గ్లాసులు దొర్లడంతో, నాయనమ్మ "జపానోడు" అనడంతో అయిపోయేది. అందరూ నవ్వేవారు. ఇప్పుడు నవ్వులయ్యాక రెండు చేతులూ ముందుకు చాపి, మూరెడు దూరం చూపించి, "వంటిల్లు ఇంతే ఉంటుంది. ఇంతే. అందులోనే తొంభై మందికీ వండాలి" అనేవాడు. వినేవాళ్ళకి ఎవరి వంటిల్లో అర్థమయ్యేది కాదు. కురుసురలో అయితే 75 మందే కదా అని నేను ఎప్పుడూ దిద్దలేదు.

ఈమధ్య ఆ రోడ్డు చాలా మారిపోయింది. కురుసురకి ఎదురుగా 2017లో టీయూ-142 విమానాన్ని తెచ్చి మ్యూజియం చేశారు. 29 ఏళ్ళు సముద్రం మీద సబ్‌మెరైన్లని వెతుకుతూ తిరిగిన విమానం. వెతికేదీ, దాక్కునేదీ ఇప్పుడు రోడ్డుకి అటొకటి ఇటొకటి, మధ్యలో ఐస్‌క్రీం బళ్ళు. 2024లో, మునిగిన సబ్‌మెరైన్లలో చిక్కుకున్నవాళ్ళని కాపాడే నేవీ వాహనం ఒకటి గాజీ శిథిలాలని గుర్తించిందని పేపర్లో వచ్చింది. తీరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉందట. లోపలున్నవాళ్ళ మీది గౌరవంతో దాన్ని ముట్టుకోలేదని రాశారు. ఆ పేపరు కటింగు నా దగ్గరుంది. నాన్న ఉంటే పటం కట్టించేవాడు.

పోయిన డిసెంబరులో మా వాడు కోడలితో వచ్చాడు. ఒక రోజు కురుసురకి వెళ్ళాం. ఇప్పుడు మోకాళ్ళు వంగనిది నాకు. గుండ్రటి కన్నాల దగ్గర మా వాడు నా మోచెయ్యి పట్టుకుని, "ముందు కాలు నాన్నా, తర్వాత తల" అంటూ వచ్చాడు. వంటింటి దగ్గర వాడు ఆగాడు. కోడలిది నిజామాబాద్, సముద్రం కొత్త, ఈ కథ ఇంకా వినలేదు.

"మా తాతయ్య పూర్ణా మార్కెట్లో పనిచేసేవాడు. ఈ యుద్ధానికి ఆయన కొట్టు నుంచి నేవీకి మూడు లారీల ఉల్లిపాయలు వెళ్ళాయి" అని మొదలెట్టాడు.

"మూడు లారీలా!" అంది కోడలు.

వాడు నా వైపు చూశాడు. నేను టార్పెడో బొమ్మ వైపు చూస్తూ నిలబడ్డాను.